విదేశీ ప్రయాణానికి ముందు పాస్‌పోర్టు రెన్యువల్: ముందు బీరువా తెరవండి

టికెట్ల ధరలు చూడటం, వీసా ఫారం నింపడం, అక్కడున్న చుట్టాలకు ఫోన్లు చేయడం తర్వాతి సంగతి. ముందు బీరువా తెరవండి. ఇంట్లో ఉన్న పాస్‌పోర్టులన్నీ బయటికి తీసి, ఫొటో ఉన్న పేజీలో గడువు తేదీ చూడండి. అందులోంచి ఆరు నెలలు తీసేయండి. వచ్చిన తేదీనే మీ పాస్‌పోర్టు అసలు గడువు అనుకోండి.

ఈ లెక్క నాకు మా పెద్దమ్మ ప్రయాణంతో తెలిసింది. సింగపూర్‌లో ఉన్న కొడుకు దగ్గరికని శంషాబాద్ విమానాశ్రయం దాకా వెళ్లింది. వీసా ఉంది, టికెట్ ఉంది, పాస్‌పోర్టుకు ఇంకా నాలుగు నెలల ఇరవై రోజుల గడువూ ఉంది. కౌంటర్‌లో అమ్మాయి ఆ తేదీ చూసి, ఎంతో మర్యాదగా బోర్డింగ్ పాస్ ఇవ్వలేమని చెప్పింది. "ఇంకా నాలుగు నెలలుంది కదమ్మా, నేను ఉండేది నెల రోజులే" అని పెద్దమ్మ ఎంత చెప్పినా లాభం లేకపోయింది. సున్నుండల డబ్బాతో సహా మళ్లీ కారెక్కింది. ఆ రెన్యువల్ నేను చేయించాను. అప్పటినుంచి మా చుట్టాల్లో ఎవరికి పాస్‌పోర్టు పని పడినా నాకే ఫోను వస్తుంది.

ఇన్నేళ్లలో నేను గమనించింది ఇది: ఆలస్యం సేవా కేంద్రంలో జరిగేది తక్కువ, ఫారం నింపేటప్పుడు మనం చేతులారా తెచ్చుకునేదే ఎక్కువ. పేరు, పుట్టిన తేదీ, చిరునామా ఉన్నవి ఉన్నట్టే ఉంటే రెన్యువల్ చాలా చిన్న పని. ఏదో ఒకటి మారిందంటే పని పెరుగుతుంది. అందుకే ఫారం తెరవడానికి ముందే కాసేపు కూర్చుని ఆలోచించమంటాను.

గడువు లెక్క

సింగపూర్, మలేసియా, యూఏఈ వంటి దేశాలు మీరు అక్కడ దిగే రోజుకు పాస్‌పోర్టులో కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. ఐరోపాలో ఒకే వీసాతో తిరగగలిగే షెంజెన్ దేశాల లెక్క వేరు. అక్కడినుంచి మీరు వెనక్కి బయలుదేరే తేదీ తర్వాత మూడు నెలల గడువుండాలి, పాస్‌పోర్టు గత పదేళ్లలోపు జారీ అయినదై ఉండాలి, రెండు ఖాళీ పేజీలైనా ఉండాలి.

అమెరికా మన పాస్‌పోర్టుకు ఈ ఆరు నెలల అదనపు గడువు అడగదు. అలాగని నిశ్చింతగా ఉండే వీలు లేదు. హెచ్‌-1బీ మీద ఉద్యోగం చేస్తూ సెలవులకు వచ్చి వెళ్లే పిల్లలకు ఇది బాగా తెలియాలి. వీసా ఇంకా రెండేళ్లున్నా సరే, పాస్‌పోర్టు ఎనిమిది నెలల్లో తీరిపోతుంటే, అక్కడ దిగినప్పుడు ఇచ్చే, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 పత్రాన్ని ఆ ఎనిమిది నెలలకే కుదించి ఇవ్వడం మామూలు. ఐ-94 తేదీ చూసుకోకుండా దాటిపోతే అక్కడ ఉండే హోదాకే ముప్పు. కాబట్టి బయలుదేరే ముందే అక్కడి భారత కాన్సులేట్ ద్వారా రెన్యువల్ చేయించుకుని రావడం మేలు. సెలవుల్లో ఇక్కడ కూడా చేయించుకోవచ్చు. కానీ మూడు వారాల సెలవులో పోలీస్ వెరిఫికేషన్ పడితే తిరుగు టికెట్ రోజు వరకూ గుండె దడే.

ఎప్పుడు చేయించాలి? గడువు తీరడానికి ఏడాది ముందునుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. మిగిలిన ఏడాది గడువు కొత్త పాస్‌పోర్టుకు కలవదు కాబట్టి చాలామంది చివరి నెలదాకా లాగుతారు. పెద్దల పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు, గడువు పదేళ్లు. అంటే ఒక ఏడాది వదులుకుంటే పోయేది 150 రూపాయలు. దీనికోసం లక్ష రూపాయల టికెట్లను పణంగా పెట్టడం నాకైతే అర్థం కాదు.

గడువు ఇప్పటికే తీరిపోయిందా? మూడేళ్లలోపు అయితే మామూలు రెన్యువల్ లాగే నడుస్తుంది. మూడేళ్లు దాటితే ఫారంలో దానికి వేరే గడి ఉంటుంది, పోలీసులు తప్పక వస్తారనుకుని ఏర్పాట్లు చేసుకోండి.

తేదీ బాగానే ఉన్నా పేజీలు నిండిపోయి ఉండొచ్చు. అదనపు పేజీలు అతికించరు, మొత్తం పుస్తకమే కొత్తది తీసుకోవాలి. తరచూ తిరిగేవాళ్లు 36 పేజీల బదులు 60 పేజీలది అడగండి, 500 రూపాయలే ఎక్కువ.

అన్నిటికంటే ఎక్కువమంది మరిచిపోయేది పిల్లల పాస్‌పోర్టు. అమ్మానాన్నలకు పదేళ్లు ఇస్తారు కాబట్టి అందరివీ ఒకేసారి తీశాం, అందరివీ ఒకేసారి తీరతాయి అనుకుంటారు. పిల్లలకు ఇచ్చేది ఐదేళ్లు, లేదా 18 నిండేవరకు, ఏది ముందైతే అది. 15 దాటినవారికి మాత్రం పదేళ్ల గడువు కోరుకునే వీలుంది.

ఏం మారింది?

రెన్యువల్ అని మనం అంటాం గానీ, ప్రభుత్వం మాటలో ఇది రీ-ఇష్యూ. పాత పుస్తకానికి తేదీ పొడిగించరు. కొత్త నంబరుతో కొత్త పుస్తకం ఇస్తారు. కాబట్టి వివరాలన్నీ మళ్లీ అడుగుతారు. పాత పాస్‌పోర్టు, ఆధార్, పదో తరగతి మెమో, పాన్ కార్డు బల్లమీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి.

పేరు దగ్గర మన తెలుగువాళ్ల తంటాలు ఇన్నీ అన్నీ కావు. ఇంటిపేరు కోట, పేరు వెంకటరావు అనుకుందాం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది. పాన్ కార్డులో చివర ఉంటుంది. ఆధార్‌లో కె. వెంకటరావు అని పొడి అక్షరం ఉంటుంది. బ్యాంకు పాస్‌బుక్కులో వెంకట్రావు అయిపోతాడు. పాస్‌పోర్టు ఫారంలో పొడి అక్షరాలు కుదరవు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి. ఇంటిపేరుకు ఒక గడి, మన పేరుకు ఒక గడి విడివిడిగా ఉంటాయి. పాత పాస్‌పోర్టులు చాలావాటిలో మొత్తం పేరు ఒకే గడిలో పోసి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశారు. ఇక్కడ దాంతో ఇబ్బంది ఏమీ ఉండదు. సరిహద్దు దాటితే ఉంటుంది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇచ్చేటప్పుడు ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి చేర్చి, సొంత పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దానర్థం. అక్కడి డ్రైవింగ్ లైసెన్సులో, బ్యాంకు కార్డులో ఆ మూడక్షరాలే పేరైపోయిన మనవాళ్లు ఉన్నారు. ఒకే ఒక్క మాట పేరుగా ఉన్న పాస్‌పోర్టుతో యూఏఈకి విజిట్ వీసా మీద వెళ్లేవారికి 2022 నవంబరునుంచి ఆంక్షలు వచ్చాయి. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే అనుమతిస్తామని తర్వాత సవరించారు.

కాబట్టి మీ పాస్‌పోర్టులో పేరు ఒకే గడిలో ఉంటే, దాన్ని రెండుగా విడదీయడానికి రెన్యువల్ మంచి అవకాశం. ఒక షరతు మాత్రం ఉంది: ప్రయాణానికి ఇంకా మూడు నాలుగు నెలలైనా ఉండాలి, పాత పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే వీసా ఏదీ ఉండకూడదు. పాత వీసా మీద ఒక పేరు, కొత్త పాస్‌పోర్టు మీద ఇంకో పేరు ఉంటే కౌంటర్ల దగ్గర వివరణలు ఇచ్చుకుంటూ నిలబడాలి. వచ్చే నెలలో విమానం ఉంటే ఉన్నది ఉన్నట్టే ఉంచి, మార్పులు తిరిగొచ్చాక చూసుకోండి.

పెళ్లయిన ఆడవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న: ఇంటిపేరు మార్చుకోవాలా? మార్చుకోవాలని ఏ నిబంధనా చెప్పదు. పుట్టింటి ఇంటిపేరుతోనే ఉండి, భర్త పేరు మాత్రం చేర్పించుకోవచ్చు. డిపెండెంట్ వీసా మీద వెళ్లేవాళ్లకు అది పనికొస్తుంది. చదువు సర్టిఫికెట్లన్నీ పుట్టింటి పేరుతో ఉన్నప్పుడు, అక్కడ ఉద్యోగమో పై చదువో చేయాలన్న ఆలోచన ఉన్నప్పుడు, ఇంటిపేరు కదిలించకపోవడమే మంచిదని నేను చెబుతుంటాను. అత్తింటివాళ్లకు కోపం వస్తే నా పేరు చెప్పండి.

పుట్టిన తేదీ జోలికి మాత్రం వెళ్లకండి. మన ఊళ్లలో జూన్ 1న, జులై 1న పుట్టినవాళ్లు లెక్కలేనంతమంది. బడిలో చేర్చుకున్న రోజున పంతులుగారు వేళ్లమీద లెక్కగట్టి వేసిన తేదీలవి. అమ్మ చెప్పిన అసలు తేదీ వేరని, రెన్యువల్‌లో సరిచేయించుకుందామని కొందరు బయలుదేరుతారు. పాత పాస్‌పోర్టులో ఒక తేదీ, కొత్త దరఖాస్తులో ఇంకో తేదీ కనబడితే విచారణ మొదలవుతుంది. ప్రయాణం దగ్గరపడ్డప్పుడు పెట్టుకోవాల్సిన పని కాదు.

ఇక చిరునామా. నేను చూసిన చిక్కుల్లో సగం ఇక్కడివే. మా బాబాయి కూకట్‌పల్లిలో పన్నెండేళ్లుగా ఉంటున్నాడు. ఆధార్ మాత్రం ఊళ్లోదే, ఓటు కూడా అక్కడే. ఆధార్‌లో ఉన్నదే రాస్తే గొడవ ఉండదని ఫారంలో ఊరి చిరునామా వేశాడు. కానిస్టేబుల్ ఊరికి వెళ్లాడు, ఇంటికి తాళం, పక్కింటాయన నిజాయతీగా "వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారండీ, సంక్రాంతికి వస్తారు" అని చెప్పాడు. చెప్పిన చిరునామాలో లేడని రిపోర్టు వెళ్లింది. ఆ తర్వాత నోటీసు, వివరణ, మళ్లీ వెరిఫికేషన్.

ఫారంలో ప్రస్తుత చిరునామా అంటే మీరు ఇప్పుడు నిజంగా పడుకుని లేస్తున్న ఇల్లు. ఆధార్‌లో అది లేకపోతే ముందు ఆధార్ మార్పించండి, ఆ తర్వాతే పాస్‌పోర్టు ఫారం తెరవండి. కరెంటు బిల్లు, గ్యాస్ కనెక్షన్ కాగితం, ఫొటో అంటించి ముద్ర వేసిన బ్యాంకు పాస్‌బుక్కు వంటివి కూడా చిరునామా రుజువులుగా తీసుకుంటారు గానీ, ఆధార్ ఒక ఇల్లు, బిల్లు ఇంకో ఇల్లు చూపిస్తుంటే కౌంటర్‌లో ప్రశ్నలు తప్పవు. పోలీసులు వెళ్లేది మీరు ఫారంలో రాసిన ఇంటికే.

ఈసీఆర్ ముద్ర ఉన్నవాళ్లకు

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కోనసీమ, కడప ప్రాంతాల్లో గల్ఫ్ బాట పట్టినవాళ్లకు ఈసీఆర్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లకోసం: పదో తరగతి పాసైన రుజువు చూపనివారి పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, మలేసియా వంటి దేశాలకు ఉద్యోగం మీద వెళ్లాలంటే వీరు ముందుగా ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం పెట్టిన ఏర్పాటు అది. ఇప్పుడు ఈమైగ్రేట్ పోర్టల్ ద్వారా జరుగుతోంది. చదువుకోని మనిషిని అక్కడ ఎవరూ మోసం చేయకూడదన్న ఉద్దేశంతో పెట్టిన రక్షణ ఇది.

ఇందులో చాలామందికి తెలియనిది ఒకటుంది. తొలిసారి పాస్‌పోర్టు తీసినప్పుడు మెమో దొరక్కనో, ఏజెంటు తొందరలోనో ఈసీఆర్ పడిపోయి ఉంటుంది. తర్వాత పదో తరగతి ఓపెన్ స్కూల్‌లో పాసయ్యారు, లేదా ఆదాయపు పన్ను కడుతున్నారు, లేదా వయసు 50 దాటింది. ఇవేవైనా నాన్-ఈసీఆర్ అర్హతలే. రెన్యువల్ ఫారంలో నాన్-ఈసీఆర్‌కు అర్హులా అన్న ప్రశ్నకు అవునని పెట్టి, రుజువు తీసుకెళ్తే కొత్త పాస్‌పోర్టు ఆ ముద్ర లేకుండా వస్తుంది. అడగకపోతే పాతదే మళ్లీ అచ్చవుతుంది. మెమో జిరాక్సు సరిపోదు, అసలుది పట్టుకెళ్లండి.

విజిట్ వీసా మీద తీసుకెళ్లి అక్కడ పనిలో పెడతామనే ఏజెంటు క్లియరెన్స్ అక్కర్లేదని చెబితే, ఆ మాట సగమే నిజం. చూసి రావడానికి వెళ్తే అక్కర్లేదు. పనికి వెళ్తే కావాలి. అది లేకుండా వెళ్లినవాళ్లు జీతం రాకపోతే ఎవరికి చెప్పుకోవాలో తెలియక పడే అవస్థ మా పక్క ఊళ్లోనే చూశాను.

ఫారం, ఫీజు, స్లాట్

వెబ్‌సైటు ఒకటే: పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్. చివర గవ్ డాట్ ఇన్ లేని ప్రతిదీ వేరేవాళ్లది. అచ్చం అలాగే కనిపించే నకిలీ సైట్లు ఉన్నాయని విదేశాంగ శాఖే పదేపదే హెచ్చరించింది. అవి ఫీజు మీద ఇంకో ఫీజు గుంజి, మీ ఆధార్ వివరాలు కూడా పట్టుకుపోతాయి. ఫోనులో అయితే ఎంపాస్‌పోర్ట్ సేవా యాప్ ఉంది. నెట్ సెంటర్‌లో నింపించుకుంటే ఫర్వాలేదు గానీ, లాగిన్ మీ పేరు మీద, మీ ఫోను నంబరుతో పెట్టించండి. సెంటర్ కుర్రాడి ఈమెయిలుతో పెట్టిస్తే రేపు స్లాట్ మార్చాలన్నా అతను దొరకాలి.

ఖాతా తెరిచి, రీ-ఇష్యూ ఎంచుకుని, కారణం దగ్గర గడువు తీరిందని లేదా తీరబోతోందని పెట్టండి. వివరాలేవైనా మారుతుంటే ఆ గడి కూడా టిక్ చేయాలి. టిక్ పెట్టకుండా లోపల కొత్త చిరునామా రాసేసి, కేంద్రంలో ఇబ్బంది పడేవాళ్లు ప్రతి రోజూ కనిపిస్తారు. క్రిమినల్ కేసుల గురించి అడిగినచోట ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కేసు పెండింగ్‌లో ఉంటే ఆ కోర్టునుంచి అనుమతి ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఉత్తర్వులో కాలం రాయకపోతే 1993 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఏడాదికే పాస్‌పోర్టు ఇస్తారు. కాబట్టి ఎన్నేళ్లకో రాయించమని వకీలుకు ముందే చెప్పండి. కేసు దాస్తే అది పాస్‌పోర్టు చట్టం కింద వేరే నేరం.

ఫీజులు: పెద్దలకు 36 పేజీలది 1,500, 60 పేజీలది 2,000, పిల్లలకు 1,000. తత్కాల్ అయితే వీటిమీద ఇంకో 2,000. పోయిన పాస్‌పోర్టుకు, చదవడానికి వీల్లేనంత పాడైన దానికి 36 పేజీలైతే 3,000. కార్డుతోగానీ యూపీఐతోగానీ కట్టవచ్చు. కట్టిన ఫీజు వెనక్కి రాదు, స్లాట్ ఎన్నిసార్లంటే అన్నిసార్లు మార్చుకునే వీలూ లేదు. తేదీ ఎంచుకునే ముందు ఇంట్లో శుభకార్యాలు, పరీక్షలు చూసుకోండి.

ఎక్కడ స్లాట్ తీసుకోవాలి? ఇక్కడ కొంచెం తెలివి వాడవచ్చు. 2018నుంచి దేశంలో ఏ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలోనైనా దరఖాస్తు చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో స్లాట్లు నెల తర్వాతికి దొరుకుతుంటే నిజామాబాద్ చూడండి. విజయవాడ నిండిపోతే తిరుపతి, భీమవరం చూడండి. 2017లో మొదలైన పోస్టాఫీసు సేవా కేంద్రాలు వరంగల్, కడప, కర్నూలు వంటి చోట్ల ఉన్నాయి. అక్కడ జనం తక్కువ, పని ప్రశాంతంగా జరుగుతుంది. నేను మా అమ్మను ఎప్పుడూ పోస్టాఫీసు కేంద్రానికే తీసుకెళ్తాను. పోలీసులు మాత్రం మీరు స్లాట్ తీసుకున్న ఊరికి కాదు, మీ ఇంటికే వస్తారు.

ప్రభుత్వ ఉద్యోగులకు ఒక అదనపు కాగితం ఉంటుంది. శాఖనుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుంటే అనెగ్జర్-జి అనే నమూనా, పై అధికారికి ముందుగా తెలియజేసి ఆ లేఖ నకలు పెడితే అనెగ్జర్-హెచ్. రెండోది మీ చేతిలో పని. మొదటిది ఎవరి బల్లమీద ఎన్నాళ్లు పడుకుంటుందో చెప్పలేం.

కేంద్రంలో

అపాయింట్‌మెంట్‌కు పావుగంట ముందు చేరితే చాలు, తెల్లవారుజామునుంచి వరుసలో నిలబడే రోజులు పోయాయి. సేవా కేంద్రాలు భవనాలు మారుతుంటాయి కాబట్టి గతంలో వెళ్లిన గుర్తుతో ఆటో ఎక్కకండి. రసీదు మీద ఉన్న చిరునామా చూడండి. అపాయింట్‌మెంట్ సందేశం ఫోనులో ఉంటే సరిపోతుంది గానీ, ఒక ప్రింటు జేబులో ఉంచుకోవడం నా అలవాటు.

పట్టుకెళ్లాల్సినవి: పాత పాస్‌పోర్టు, దాని మొదటి రెండు, చివరి రెండు పేజీల జిరాక్సుల మీద మీ సంతకం, ఆధార్, చిరునామా రుజువు, నాన్-ఈసీఆర్‌కు మెమో. ప్రతిదీ అసలుది, జిరాక్సు రెండూ. పెద్దవాళ్లకు ఫొటోలు అక్కర్లేదు, అక్కడే తీస్తారు. వెనక తెల్ల తెర ఉంటుంది, తెల్ల చొక్కా వేసుకుంటే తల ఒక్కటే గాల్లో తేలుతున్నట్టు పడుతుంది. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం తెల్లటి నేపథ్యంతో ఫొటో తీసుకెళ్లాలి.

లోపల ఏ, బీ, సీ అనే మూడు కౌంటర్ల మజిలీలు ఉంటాయి. ఏ కౌంటర్‌లో కాగితాలు స్కాన్ చేసి, ఫొటో, వేలిముద్రలు, సంతకం తీసుకుంటారు. వాళ్లు కంపెనీ ఉద్యోగులు. తెరమీద మీ వివరాలు చూపించి సరేనా అని అడుగుతారు. ఈ నిమిషం చాలా విలువైనది. కళ్లజోడు పెట్టుకుని ఇంటిపేరు స్పెల్లింగు, తండ్రి పేరు, ఇంటి నంబరు, పిన్ కోడు ఒక్కొక్కటిగా చదవండి. తప్పుంటే అక్కడ ఒక్క నిమిషంలో దిద్దుతారు, అచ్చయ్యాక అయితే మళ్లీ దరఖాస్తే. బీ కౌంటర్‌లో ప్రభుత్వ అధికారి అసలు కాగితాలు చూస్తారు. సీ కౌంటర్‌లో మంజూరు చేస్తారు. అడిగినదానికే జవాబివ్వండి. "ఎందుకు వెళ్తున్నారు?" అంటే "మా అమ్మాయి దగ్గరికండీ" అంటే చాలు. అల్లుడి జీతం వరకూ వెళ్లనక్కర్లేదు.

పెద్దవయసు వాళ్లతో ఒకరిని లోపలికి రానిస్తారు. పాత పాస్‌పోర్టును రద్దు చేసి మూల కత్తిరించి మీకే తిరిగి ఇస్తారు. అందులో చెల్లుబాటయ్యే వీసా ఉంటే ఆ పేజీ పాడుకాకుండా చూడమని ముందే చెప్పండి.

పోలీస్ వెరిఫికేషన్

రెన్యువల్‌కు పోలీసులు రావాలా, ముందు రావాలా, పాస్‌పోర్టు ఇచ్చాక రావాలా అన్నది పాస్‌పోర్టు కార్యాలయం నిర్ణయం. బయటికొచ్చేటప్పుడు ఇచ్చే కాగితంలో అది రాసి ఉంటుంది, చదవండి. వివరాలేవీ మారకపోతే చాలా సందర్భాల్లో వెరిఫికేషన్ లేకుండానో, ఇచ్చేశాకనో ఉంటుంది. అలాంటప్పుడు మా ఇంట్లోవాళ్లకు వారం పది రోజుల్లో చేతికొచ్చింది.

తెలంగాణలో పోలీసులు వెరిఫాస్ట్ అనే యాప్‌తో ట్యాబ్ పట్టుకుని వచ్చి అక్కడికక్కడే పూర్తిచేస్తారు. ముందు ఫోను వస్తుంది. తెలియని నంబరని ఎత్తకుండా ఉండకండి. ఆ వారంలో ఊరు వదలకండి. ఇద్దరు ఇరుగుపొరుగుకు ముందే చెప్పి ఉంచండి, మా బాబాయి పక్కింటాయన ఉదంతం గుర్తుందిగా. వెరిఫికేషన్‌కు ఫీజు ఏమీ లేదు. పాస్‌పోర్టు ముందే వచ్చేసింది కదా అని తర్వాత వచ్చే పోలీసులను తేలిగ్గా తీసుకోవద్దు. ప్రతికూల రిపోర్టు వెళ్తే చేతిలో ఉన్న పాస్‌పోర్టుకే నోటీసు వస్తుంది.

తత్కాల్ ఎప్పుడు?

తత్కాల్ అంటే వేగంగా ముద్రించడం, దాంతోపాటు స్లాట్ త్వరగా దొరకడం. సాధారణంగా మూడు పని దినాల్లో పాస్‌పోర్టు పోస్టుకు వెళ్తుంది. పోలీసులు తర్వాత వస్తారు. ఆధార్‌తో కలిపి మూడు గుర్తింపు కాగితాలు అడుగుతారు. మొదట మామూలు ఫీజు కట్టి, మిగతా 2,000 కేంద్రంలో కట్టాలి. తత్కాల్ కింద దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఇచ్చి తీరాలని లేదు. పేరు పూర్తిగా మార్చుకునేవాళ్లకు, కాగితాల్లో తేడాలున్నవాళ్లకు అక్కడికక్కడే మామూలు దారి చూపిస్తారు. కాగితాలన్నీ సరిగ్గా ఉండి, సమయం మాత్రమే లేనివాళ్లకు తత్కాల్ పనికొస్తుంది. కాగితాల లోపాన్ని 2,000 రూపాయలు కప్పిపుచ్చలేవు.

పిల్లలకు

అమ్మానాన్నలిద్దరూ సంతకం చేసిన అనెగ్జర్-డి అనే ప్రకటన పత్రం, ఇద్దరి పాస్‌పోర్టుల జిరాక్సులు, పుట్టిన సర్టిఫికెట్ ఉంటే సులువుగా అయిపోతుంది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే చెల్లుతుంది. తండ్రి విదేశంలో ఉండి సంతకం చేయలేకపోతే, తల్లి ఒక్కరే పెట్టే అనెగ్జర్-సి ఉంది. పాస్‌పోర్టులో నెలల పాప ఫొటో ఉండి, ఎదురుగా ఐదేళ్ల పిల్ల నిలబడితే ఇమ్మిగ్రేషన్ అధికారి రెండుసార్లు చూస్తాడు. గడువున్నా సరే, మొహం బాగా మారితే కొత్తది తీయించడం తప్పు కాదు.

కొత్తది వచ్చాక

స్పీడ్ పోస్టులో వస్తుంది, దరఖాస్తుదారుడి చేతికే ఇస్తారు. ఇంట్లో లేకపోతే కొన్నాళ్లు చూసి పాస్‌పోర్టు కార్యాలయానికి తిప్పి పంపుతారు. ట్రాకింగ్ నంబరు వచ్చిన రోజునుంచి మీ పోస్ట్‌మ్యాన్‌తో పరిచయం పెంచుకోండి. కవరు విప్పగానే ప్రతి అక్షరం మళ్లీ చదవండి. అట్టమీద కింద బంగారు రంగులో చిన్న గుర్తు ఉంటే అది చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టు. హైదరాబాద్‌లో 2025నుంచి ఇవే ఇస్తున్నారు. దాన్ని మడవకండి, పిన్నులు కొట్టకండి. పాత రకం పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కంగారుపడి మార్చుకోనక్కర్లేదు, గడువు తీరేదాకా అది చెల్లుతుంది.

నంబరు మారింది కాబట్టి పాత నంబరు ఇచ్చిన ప్రతిచోటా కొత్తది ఇవ్వాలి. విమాన టికెట్, ప్రయాణ బీమా, అమెరికా వీసాకు నింపిన డీఎస్-160, ఫారెక్స్ కార్డు. వీసా ఇంటర్వ్యూ దగ్గరపడి రెన్యువల్ చేయిస్తే డీఎస్-160 మళ్లీ నింపాలి, అందుకే వీసా దరఖాస్తుకంటే ముందే ఈ పని ముగించమనేది. గల్ఫ్ ఉద్యోగానికో, కెనడా, ఆస్ట్రేలియా వలసకో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాల్సినవాళ్లు మొదట రెన్యువల్ చేయించి, ఆ తర్వాత సర్టిఫికెట్‌కు పెట్టుకోండి. దానిమీద కూడా పాస్‌పోర్టు నంబరే ఉంటుంది.

పాత పాస్‌పోర్టులో పదేళ్ల అమెరికా వీసా ఇంకా ఉంటే అది చెల్లుతుంది, కొత్త దానిలోకి మార్పించనక్కర్లేదు. రెండు పుస్తకాలూ కలిపి ఒక రబ్బరు బ్యాండు వేసి చేతిసంచిలో పెట్టుకోండి. పాతది రద్దయిపోయిందిగా అని సూట్‌కేసు అడుగున బట్టల కింద పెట్టేసి, ఆ సూట్‌కేసు బెల్టు మీద లోపలికి వెళ్లిపోయాక ఇమ్మిగ్రేషన్ దగ్గర గుర్తొచ్చినవాళ్లు మా చుట్టాల్లోనే ఇద్దరున్నారు.